ఫ్లూ టీకా: కంచె, కావలి

మొన్న తొమ్మిదో తరగతిలో టీకాల గురించి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు.

"సార్, మా తాత పోయినేడు ఫ్లూ సూది వేయించుకున్నడు. అయినా ఫ్లూ వచ్చింది. మరి ఆ పైసలు దండుగేనా సార్?"

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. అది మంచి ప్రశ్న. "తాతకు జ్వరం ఎన్నాళ్ళుంది?" అని అడిగాను.

"నాలుగు రోజులు సార్. ఆస్పత్రిల ఏం చేరలే. మళ్ళ చెరుకు తోటకు పోతున్నడు."

"చూశారా, టీకా ఎంత గొప్పదో!" అని నేను అనవచ్చు. కాని అలా అంటే అది సైన్సు కాదు. టీకా లేకపోయినా ఆ తాతకు నాలుగు రోజుల్లోనే తగ్గేదేమో! అలాగే, జ్వరం వచ్చింది కాబట్టి టీకా దండుగ అని తేల్చేయడమూ సైన్సు కాదు. ఒక్క మనిషి అనుభవంతో లెక్క తేలదు. వేల మందిని చూడాలి. అలా చూసిన శాస్త్రజ్ఞులు ఏం కనుక్కున్నారో ఈ నెల తెలుసుకుందాం.

సర్ది వేరు, ఫ్లూ వేరు

ముక్కు కారితే చాలు, మన జహీరాబాదులో "సర్ది అయింది" అంటాం. మామూలు సర్ది మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారుతుంది, తుమ్ములు వస్తాయి, కాని మనిషి తన పని తాను చేసుకోగలడు. ఫ్లూ అలా కాదు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి మంచం పడతాడు. ఎక్కువ జ్వరం, ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు, విపరీతమైన నీరసం ఉంటాయి. చాలామందికి వారం రోజుల్లో తగ్గిపోతుంది. కాని కొందరిలో వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. వయసు పైబడిన వారికి, షుగరు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారికి, గర్భిణులకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఈ తేడా నేను పుస్తకంలో చదివినా, నా ఇంట్లో గుర్తించలేకపోయాను. 2015 జనవరిలో మా అమ్మకు జ్వరం వచ్చింది. ఆమెకు అప్పటికే షుగరు ఉంది. "సర్దే కదా, కషాయం తాగు" అన్నాను. అలా మూడు రోజులు గడిపాను. నాలుగో రోజు ఆమెకు ఊపిరి ఆడలేదు. సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదుకు తీసుకుపోయాం. అయిదు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడింది. ఆ ఏడాది మన దేశంలో 42 వేల మందికి పైగా స్వైన్ ఫ్లూ సోకినట్టు నమోదైంది. సుమారు 3 వేల మంది చనిపోయారు. సైన్సు టీచరునై ఉండి నేను పోగొట్టిన ఆ మూడు రోజులు ఇప్పటికీ నన్ను బాధిస్తాయి. అందుకే ఈ వ్యాసం.

వేషాలు మార్చే వైరస్

ఫ్లూ వైరస్ ఎంత చిన్నదంటే, సుమారు పది వేల వైరస్‌లను వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. దాని ఒంటి నిండా ముళ్ళలాంటి ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. వాటికి హెచ్, ఎన్ అని పేర్లు. హెచ్ ముల్లుతో వైరస్ మన కణానికి అతుక్కుని లోపలికి పోతుంది. లోపల పుట్టిన పిల్ల వైరస్‌లు ఎన్ ముల్లు సాయంతో బయటపడతాయి. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని పత్రికల్లో చదివే పేర్లు వీటిని బట్టి పెట్టినవే.

మనిషికి ఫ్లూ తెచ్చే ఈ వైరస్‌ను 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అనే శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. ముంగిసలా కనిపించే ఫెరెట్ అనే జంతువు వారికి ఉపయోగపడింది. ఫ్లూ రోగి గొంతు కడిగిన నీటిని వడగట్టి ఫెరెట్ ముక్కులో వేస్తే, దానికీ ఫ్లూ వచ్చింది.

1940లలో అమెరికాలో ఫ్లూ టీకా తయారుచేసి మొదట సైనికులకు వేశారు. బాగా పనిచేసింది. కాని 1947లో అదే టీకా పనిచేయలేదు! కారణమేమిటి? టీకా మారలేదు, వైరస్ మారింది. దాని ముళ్ళ ఆకారం మెల్లమెల్లగా మారుతూ ఉంటుందని అప్పుడు బోధపడింది. నిరుడు ఫ్లూ వచ్చినవారికి మళ్ళీ ఈ ఏడు రావడానికి కారణం ఇదే.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో ఫ్లూ వైరస్ మీద నిఘా మొదలుపెట్టింది. అనేక దేశాల ప్రయోగశాలలు వైరస్ నమూనాలను పరీక్షిస్తుంటాయి. మన దేశంలో పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ఈ పని చేస్తుంది. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోను సెప్టెంబరులోను నిపుణులు సమావేశమై, రాబోయే కాలంలో ఏ రకాలు తిరుగుతాయో అంచనా వేసి, టీకాలో ఏవి ఉండాలో చెబుతారు. టీకా తయారీకి సుమారు ఆరు నెలలు పడుతుంది. ఎక్కువ టీకాల కోసం వైరస్‌ను కోడిగుడ్లలో పెంచుతారు. ఈ ఆరు నెలల్లో వైరస్ మరో వేషం వేస్తే టీకా బలం తగ్గుతుంది. కొన్ని ఏళ్ళు టీకా బాగా, కొన్ని ఏళ్ళు తక్కువగా పనిచేయడానికి ఇదొక ముఖ్య కారణం.

కంచె, మంచె

మన చుట్టుపక్కల చెరుకు తోటలకు అడవి పందుల బెడద ఉంది. రైతు రెండు పనులు చేస్తాడు. చుట్టూ కంచె వేస్తాడు. మంచె మీద కావలి పెడతాడు. కంచె సందులోంచి ఒకటి రెండు పందులు దూరినా, కావలివాడు మేలుకుని అరిస్తే అవి పారిపోతాయి. కొద్ది గడలు పోతాయి గాని, తోట మిగులుతుంది.

టీకా మన ఒంట్లో ఈ రెండు పనులూ చేయిస్తుంది. టీకాలో ఉండేది చంపిన వైరస్ ముక్కలు మాత్రమే. వాటితో ఫ్లూ రాదు. కాని మన రక్తకణాలు ఆ ముళ్ళ ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటాయి. సుమారు రెండు వారాల్లో ప్రతిరక్షకాలు అనే ప్రొటీన్లను తయారుచేస్తాయి. ఇవి వైరస్ ముళ్ళకు అతుక్కుని దాన్ని కణంలోకి పోనీయవు. ఇది కంచె. జ్ఞాపకం గల కొన్ని తెల్ల రక్తకణాలు చాలాకాలం నిలిచి ఉండి, వైరస్ లోపలికి వచ్చినా వెంటనే గుర్తుపట్టి పోరాటం మొదలుపెడతాయి. ఇది కావలి.

సూదితో వేసిన టీకా వల్ల పుట్టే ప్రతిరక్షకాలు ఎక్కువగా రక్తంలో ఉంటాయి. రక్తం నుంచి ఊపిరితిత్తులకు చేరినంతగా అవి ముక్కు లోపలి పొరకు చేరవు. కాబట్టి ముక్కులో, గొంతులో కంచె పలచన. ఊపిరితిత్తుల్లో అంతకంటే గట్టి. టీకా తీసుకున్నవారికి కూడా జ్వరం, దగ్గు రావచ్చు, కాని న్యుమోనియా దాకా పోయే అవకాశం తగ్గుతుంది.

40 శాతం అంటే ఏమిటి?

2010 నుంచి 2015 వరకు వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వెలువడింది. ఫ్లూతో ఆస్పత్రిలో చేరే ప్రమాదాన్ని టీకా పెద్దవారిలో సుమారు 41 శాతం తగ్గిస్తుందని అందులో తేలింది. 65 ఏళ్ళ లోపు వారిలో సుమారు 51 శాతం, ఆ పై వారిలో 37 శాతం. వయసు పెరిగేకొద్దీ రక్షణ శక్తి మందగిస్తుంది, అందుకే ఈ తేడా.

"నలభయ్యేనా? అయితే టీకా వేసుకున్న వందమందిలో అరవైమందికి రోగం వస్తుందన్నమాట!" అనుకుంటున్నారా? తొందరపడకండి. పలక తీయండి, లెక్క చేద్దాం. ఇందులోని ఊళ్ళు, అంకెలు మనం ఊహించుకున్నవి.

రెండు ఊళ్ళున్నాయి. ఒక్కొక్క ఊళ్ళో 10,000 మంది పెద్దవారు. మొదటి ఊళ్ళో ఎవరూ టీకా వేసుకోలేదు. ఆ ఏడు 50 మంది ఫ్లూతో ఆస్పత్రిలో చేరారు. రెండో ఊళ్ళో అందరూ వేసుకున్నారు. అక్కడ 30 మంది చేరారు. తగ్గినది 20. యాభైలో ఇరవై అంటే 40 శాతం. అదీ దాని అర్థం! టీకా వేసుకున్న పదివేల మందిలో ఆస్పత్రికి పోయింది 30 మందే, ఆరు వేల మంది కాదు.

ఇది కంచె లెక్క. ఇక కావలి లెక్క చూడండి. టీకా వేసుకుని కూడా ఆస్పత్రిలో చేరినవారి సంగతేమిటి? 2021లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, ఫ్లూతో ఆస్పత్రిలో చేరిన పెద్దవారిలో, టీకా వేసుకున్నవారు అత్యవసర చికిత్స విభాగానికి చేరే ప్రమాదం 26 శాతం, చనిపోయే ప్రమాదం 31 శాతం తక్కువ.

మొదటి ఊళ్ళో చేరిన 50 మందిలో పదిశాతం, అంటే 5 గురు చనిపోయారనుకోండి. రెండో ఊళ్ళో చేరిన 30 మందిలో పదిశాతమైతే ముగ్గురు. ఆ ముగ్గురిలో 31 శాతం తగ్గించండి. సుమారు ఇద్దరు మిగులుతారు. అయిదు రెండయింది! రెండు రక్షణలూ ఒకటి వెనక ఒకటి పనిచేస్తే ఫలితం ఇలా పెరుగుతుంది.

లెక్కలో మోసం లేదా?

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక సందేహం అడగాలి. "టీకా వేసుకునేవారు అసలే జాగ్రత్తపరులు. వారికి జబ్బు తగ్గడానికి టీకా కారణమా, జాగ్రత్త కారణమా?"

దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. జ్వరం, దగ్గుతో ఆస్పత్రిలో చేరినవారందరికీ పరీక్ష చేస్తారు. కొందరికి ఫ్లూ ఉంటుంది, కొందరికి వేరే జబ్బు ఉంటుంది. అందరూ ఆస్పత్రికి వచ్చినవారే. టీకా ఉత్తదైతే రెండు గుంపుల్లోను టీకా వేసుకున్నవారి నిష్పత్తి ఒకేలా ఉండాలి. ఫ్లూ గుంపులో అది తక్కువగా ఉంటే టీకా పనిచేసినట్టే. పైన చెప్పిన 41 శాతం ఇలా లెక్క కట్టిందే.

ఇంకా గట్టి పద్ధతి చీటీలు తీయడం. గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరిన రోగులతో 8 దేశాల్లో అలాంటి పరీక్ష జరిగింది. వాటిలో బంగ్లాదేశ్ కూడా ఉంది. మొత్తం సుమారు 2,500 మంది. ఎవరికి టీకా, ఎవరికి ఉత్త ఉప్పునీటి సూది అన్నది చీటీ నిర్ణయించినట్టే జరిగింది. రోగికీ తెలియదు. ఏడాది తరువాత చూస్తే, ఉప్పునీరు తీసుకున్నవారిలో 4.9 శాతం, టీకా తీసుకున్నవారిలో 2.9 శాతం చనిపోయారు. ఈ ఫలితాలు 2021లో వచ్చాయి. ఇక్కడ జాగ్రత్తపరులా కాదా అన్న ప్రశ్నే లేదు.

ఫ్లూకూ గుండెకూ సంబంధమేమిటంటారా? ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే ప్రమాదం సుమారు 6 రెట్లు పెరుగుతుందని 2018లో కెనడా పరిశోధకులు చూపారు.

ఎవరికి? ఎప్పుడు?

వృద్ధులు, గర్భిణులు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, ఆస్పత్రుల్లో పనిచేసేవారు, అయిదేళ్ళలోపు పసివారు ముందుగా టీకా తీసుకోవలసినవారు. ఆరు నెలలు నిండని పాపలకు వేయరు. హజ్ యాత్రకు పోయే వృద్ధులకు ఈ టీకా ఇవ్వడం మీలో కొందరు చూసే ఉంటారు. మన ప్రాంతంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర మరోసారి విజృంభిస్తుంది. వానలకు ముందే వేయించుకోవడం మంచిది. వైరస్ మారుతుంది, టీకా బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టి ప్రతి ఏడూ వేయించుకోవాలి. సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. డాక్టరు సలహాతోనే తీసుకోవాలి.

టీకా వేసుకున్నవారైనా, వేసుకోనివారైనా, ఆయాసం, ఛాతీలో నొప్పి, మత్తు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు సుమా! నేను చేసిన తప్పు మీరు చేయవద్దు.

ఆ అబ్బాయితో చివరికి ఇలా అన్నాను: "మీ తాత పైసలు దండుగ కాలేదురా. మీ తోట కంచె సందులోంచి ఒక పంది దూరిందని, మీ తాత కంచె పీకేస్తాడా?" వాడు తల అడ్డంగా ఊపాడు.

మీకొక లెక్క: ఒక ఏడు వైరస్ వేషం మార్చింది. టీకా ఆస్పత్రి ప్రమాదాన్ని 20 శాతమే తగ్గించింది. పైన చెప్పిన రెండో ఊళ్ళో అప్పుడు ఎంతమంది ఆస్పత్రిలో చేరతారు? ఎంతమందికి ఆ బాధ తప్పుతుంది? లెక్క చేసి, ఇంట్లో మీ తాతకో నానమ్మకో వివరించి చెప్పండి.