చిన్న సేవావృత్తులు – అంతర్జాలంలో ప్రకటన వ్యయం

గత వేసవికి ముందు మన కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు నన్ను చూడవచ్చాడు. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేయడం అతని వృత్తి. పాతబస్తీలో ఒక చిన్న దుకాణం, ఇద్దరు కుర్రవాళ్లు, ఒక మోటారు సైకిలు – అతని వ్యాపారమంతా అదే. చేతిలో ఒక ఒప్పంద పత్రం ఉన్నది.

"సార్, నెలకు మూడు వేలు కడితే సెల్‌ఫోనులో వెతికేవాళ్లకు మన దుకాణం పేరు అందరికంటె పైన చూపిస్తామంటున్నారు. ఏడాదికి సంతకం పెట్టమంటున్నారు. పెట్టమంటారా?" అని అడిగాడు.

"తెలుగు పాఠం చెప్పేవాణ్ణి, నన్నడుగుతావేమిటి నాయనా?" అన్నాను.

"లెక్క నాకు వచ్చు సార్. ఆ ఇంగ్లీషు కాగితంలో ఏమున్నదో తెలియదు" అన్నాడు. ఏడాదికి ముప్పయి ఆరు వేలు కట్టాలంటే కుర్రవాళ్లలో ఒకణ్ణి మానిపించవలసి వస్తుందని కూడ చెప్పాడు.

ఆనాడు అతనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి, ఆలోచించి తెలుసుకున్నదానిని మన విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనలో చాలామంది ఇండ్లలో ఇటువంటి దుకాణం ఒకటి ఉన్నది గదా!

ఈ వేదికల స్వరూపం

పూర్వం ఒక మంచి మెకానిక్ కావాలంటే పొరుగువారిని అడిగేవారు. నేడు అదే ప్రశ్నను ఫోనును అడుగుతున్నారు. మన దేశంలో జస్ట్‌డయల్ సంస్థ 1996లో టెలిఫోను ద్వారా దుకాణాల వివరాలు తెలిపే సేవగా ప్రారంభమై, తరువాత అంతర్జాలంలోకి వచ్చింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన 2004లో యెల్ప్ అనే సంస్థ వెలసింది. గూగుల్ మ్యాప్స్ నేడు మన గల్లీలను సైతం చూపుతున్నది. వీటన్నింటిలోను సేవ పొందినవారు రివ్యూ అనే పేరుతో తమ అభిప్రాయాన్ని వ్రాయవచ్చును. ఒకటి మొదలు అయిదు వరకు నక్షత్రాలు వేయవచ్చును.

చూచేవాడు పైకం ఇవ్వడు. పేరు నమోదు చేసుకొనడానికి కూడ సాధారణంగా రుసుము ఉండదు. మరి ఆ సంస్థ ఎట్లా బ్రతుకుతుంది? ప్రధానంగా వ్యాపారస్థుడు ఇచ్చే ప్రకటన రుసుముతోనే. ఆ రుసుముకు బదులుగా అతని పేరును పైవరుసలో చూపుతారు, లేదా విచారణకు వచ్చిన వారి ఫోను నెంబరును అతనికి అందజేస్తారు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవలెను. వ్యాపారి పైకమిచ్చి కొంటున్నది స్థానాన్ని మాత్రమే. నక్షత్రాలు ఆ బేరంలో చేరవు. అవి పని చేయించుకున్నవారు ఇచ్చేవి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే చిన్న వ్యాపారి మోసపోతాడు, లేదా అనవసరంగా భయపడతాడు.

నక్షత్రాల విలువ

హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ నగరంలోని భోజనశాలల ఆదాయాన్ని, యెల్ప్‌లో వాటికి వచ్చిన నక్షత్రాలను పోల్చి చూచాడు. ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుండి 9 శాతం వరకు పెరుగుతున్నదని అతడు తేల్చాడు. అయితే ఈ ఫలితం స్వతంత్రంగా నడిచే భోజనశాలలకే వర్తించింది. ఊరూరా శాఖలున్న పెద్ద సంస్థలపై ఆ ప్రభావం కనబడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. పెద్ద సంస్థ పేరు అందరికీ ముందే తెలుసు. చిన్నవాని సంగతి చెప్పడానికి ఇతరుల మాట తప్ప వేరే ఆధారం లేదు.

కావున నక్షత్రాలకు విలువ ఉన్న మాట నిజం. ఆ విలువ పెద్దవానికంటె చిన్నవానికే ఎక్కువ. కాని అది ప్రకటన వలన లభించిన విలువ కాదు. తక్కువ నక్షత్రాలున్న దుకాణానికి ప్రకటన ఇస్తే ఏమవుతుంది? ఆ తక్కువతనాన్ని మరింత మంది చూస్తారు. మురికి అద్దం ముందు దీపం పెట్టినట్లే!

ఒక అనుమానం

"ప్రకటన ఇవ్వకపోతే మంచి అభిప్రాయాలను తొలగిస్తారేమో" అని మన పూర్వవిద్యార్థి అడిగాడు. ఈ అనుమానం అతనిది మాత్రమే కాదు. అమెరికాలో కొందరు చిన్న వ్యాపారులు ఇదే ఆరోపణతో యెల్ప్‌పై దావా వేశారు. ఆ సంస్థ ఆరోపణను ఖండించింది. 2014లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం వ్యాపారులకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆరోపించినట్లే జరిగినదనుకున్నా అది చట్టరీత్యా బలవంతపు వసూలు కాదనీ, తన గురించిన మంచి అభిప్రాయాలు కనబడి తీరవలెననే హక్కు వ్యాపారికి ముందునుండి లేదనీ ఆ తీర్పు సారాంశం. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడ విచారించి, ఏ చర్యా తీసుకోకుండానే 2015లో విషయాన్ని ముగించింది.

అదే 2014లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ పట్టణాన ఒక ఇటాలియన్ భోజనశాలవారు విసిగిపోయి, తమకు ఒకే నక్షత్రం వేసినవారికి ధర తగ్గిస్తామని ప్రకటించారు. వారి ఖాతాదారులు నవ్వుకుంటూ ఒక్కొక్క నక్షత్రమే వేశారు. తమ భోజనం ఎటువంటిదో ఊరివారికి తెలుసునన్న ధైర్యం వారిది. అందరికీ అది సాధ్యం కాదు. కాని ఒక సంగతి బోధపడుతుంది: భయంతో కట్టే రుసుము వ్యాపార వ్యయం కాజాలదు. వేదిక మనది కానప్పుడు దాని నియమాలు మన చేతిలో ఉండవు; కట్టినా ఉండవు.

లెక్క చూచే విధానం

ఇక అతనికి "వచ్చు" అన్న లెక్కను ఇద్దరం కలిసి వేశాము. నెలకు రుసుము 3000 రూపాయలు. ఒక ఏసీ సర్వీసుకు 600 రూపాయలు వస్తే, పెట్రోలు, కూలి, సామాను పోను 250 మిగులుతాయనుకుందాము. అంటే నెలకు 12 కొత్త పనులు వస్తేగాని రుసుము తిరిగిరాదు. ప్రకటన వలన 20 ఫోనులు వచ్చి, వాటిలో 5 మాత్రమే పనులుగా మారితే మిగులు 1250, నష్టం 1750.

అయితే లెక్క అక్కడ ఆగదు. ఆ అయిదుగురిలో ఇద్దరు స్థిరమైన ఖాతాదారులై, ఏడాదికి రెండుసార్ల చొప్పున మూడేళ్లు సర్వీసు చేయించుకున్నారనుకుందాము. అప్పుడు వారి వలన మొత్తం 12 పనులు, 3000 రూపాయలు. మిగిలిన ముగ్గురి వలన 750. మొత్తం 3750. నష్టం లాభంగా మారింది. మార్చినదెవరు? ప్రకటన కాదు, కుర్రవాని పనితనం. పైగా రుసుము ఈ నెలే కట్టవలెను. లాభం మూడేళ్లకు వస్తుంది. అంతవరకు ఓర్చుకొనే మూలధనం ఉన్నదా అనునది మరొక ప్రశ్న.

కాలాన్ని కూడ చూడవలెను. మే నెలలో ఏసీ మెకానిక్‌కు ఊపిరి తీసుకొనే తీరిక ఉండదు. అప్పుడు ప్రకటన వలన ఫోనులు వచ్చి, సమయానికి వెళ్లలేకపోతే, పైకమిచ్చి చెడ్డ అభిప్రాయాలు తెచ్చుకున్నట్లవుతుంది. చలికాలంలో ఏసీ కోసం వెతికేవారే తక్కువ. అతనికి ప్రకటన పనికివచ్చేది వేసవికి కొంచెం ముందు, ఫిబ్రవరి, మార్చి నెలలలో మాత్రమే. అటువంటప్పుడు ఏడాది ఒప్పందం దేనికి?

వృత్తిని బట్టి కూడ నిర్ణయం మారుతుంది. దర్జీకి, క్షురకునికి ఖాతాదారులు నాలుగు వీధులవారే. వారికి ప్రకటన అవసరం స్వల్పం. ఇల్లు మారేవారి సామాను చేరవేసేవారికి, పెళ్లి వంటలవారికి వచ్చేది కొత్తవారు. ఒక్కొక్క పని విలువ కూడ ఎక్కువ. వారు రుసుమును గురించి ఆలోచించవచ్చును.

ముందుగా చేయవలసినవి

పైకం లేని పనులు ముందు పూర్తి చేయవలెను. గూగుల్‌లో దుకాణం పేరును ఉచితంగా నమోదు చేయవచ్చును. సరైన చిరునామా, ఫోను నెంబరు, తెరచి ఉండే వేళలు, చేసిన పనుల ఛాయాచిత్రాలు అందులో ఉంచవలెను. ఎవరైనా నిష్ఠూరంగా వ్రాస్తే కోపగించక, మర్యాదగా జవాబు వ్రాసి, తప్పుంటే దిద్దుకోవలెను. ఆ జవాబును తరువాత వచ్చే నూరుమంది చదువుతారు.

బంధువులచేత, మిత్రులచేత పొగడ్తలు వ్రాయించడం గాని, డబ్బిచ్చి అభిప్రాయాలు కొనడం గాని పనికిరాదు. గూగుల్ నియమాలు దానిని నిషేధిస్తున్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో అంతర్జాల అభిప్రాయాలకై ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని స్వచ్ఛందంగా పాటించదగినదిగా వెలువరించింది. అమెరికాలో నకిలీ అభిప్రాయాల క్రయవిక్రయాలను నిషేధించే నిబంధన 2024 అక్టోబరులో అమలులోకి వచ్చింది. చట్టం మాట అటుంచి, అబద్ధపు సాక్ష్యంతో సంపాదించిన ఇజ్జత్ ఎంతకాలం నిలుస్తుంది?

సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగవలెను. రుసుము నెలకా, ఒక్కొక్క విచారణకా? అదే విచారణను మరెంతమందికి ఇస్తారు? మధ్యలో మానుకుంటే పైకం తిరిగి వస్తుందా? బ్యాంకు ఖాతా నుండి ప్రతి నెలా దానంతట అదే తీసుకొనే అనుమతి ఆ కాగితంలో ఉన్నదా? జవాబులు నోటిమాటగా కాక వ్రాతలో ఉండవలెను.

మన పూర్వవిద్యార్థి కాగితంలో ఈ చివరి అనుమతి ఉన్నది. చిన్న అక్షరాలలో, మూడవ పుటలో. అది చదివి వినిపించగా అతడు కలం జేబులో పెట్టుకున్నాడు. కుర్రవాణ్ణి మానిపించలేదు. ఉచిత నమోదు చేయించుకొని, తన ఖాతా పుస్తకంలో "ఎవరు పంపారు?" అని ఒక కొత్త గడి గీసుకున్నాడు. వచ్చే మార్చిలో ఒక్క నెలకు మాత్రమే ప్రకటన ఇచ్చి చూస్తానని, ఆ గడి చూచుకొని తరువాతి మాట ఆలోచిస్తానని మొన్న చెప్పాడు. నాకది సబబుగా తోచింది.

విద్యార్థి మిత్రులారా! మీ తండ్రిగారి దుకాణానికి, మీ మామగారి వర్క్‌షాపుకు ఇటువంటి కాగితం రేపో మాపో రాక తప్పదు. లెక్క వారికి వచ్చును. ఆ కాగితాన్ని చివరి పుట దాకా చదివి, ఇంట్లో మాట్లాడే భాషలో వారికి చెప్పండి. కళాశాలలో నేర్చిన చదువుకు అది ఒక మంచి వినియోగం.