ఆ ఆడియో నేనే ఫార్వర్డ్ చేశా

2018 మే నెల. ఇంజినీరింగ్ మూడో ఏడాది పరీక్షలు అయిపోయి హాస్టల్ సగం ఖాళీ అయిన రోజులు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఓ ఆడియో వచ్చింది. తెలుగు గొంతే, బాగా కంగారుగా ఉంది. పార్దీ గ్యాంగ్ దిగిందని, పిల్లల్ని ఎత్తుకెళ్తోందని, బుట్టలు అమ్మేవాళ్లలా, అడుక్కునేవాళ్లలా వేషం వేసుకుని ఊళ్లలో తిరుగుతోందని దాని సారాంశం. నేనేం చేశాను? పూర్తిగా కూడా వినకుండా మూడు గ్రూపులకు పంపేసి పడుకున్నా. ఒకటి మా ఇంటి గ్రూప్, రెండోది స్కూల్ ఫ్రెండ్స్ గ్రూప్, మూడోది హాస్టల్ గ్రూప్. 'అబద్ధమైతే పోయేదేముంది, నిజమైతే ఎవరో ఒకరు జాగ్రత్త పడతారు కదా' అనుకున్నా. మీలో చాలామంది ఇలాగే అనుకుని ఉంటారు.

పోయేదేముందో ఆ వేసవిలో దేశమంతా చూసింది. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని పిల్లల దొంగలనుకుని జనం కొట్టి చంపేశారు. వాళ్లు భిక్షాటన చేసుకుంటూ ఊరూరూ తిరిగే సంచార జాతి వాళ్లు. రెండు వారాలు తిరక్కుండానే కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్‌కు చెందిన ఓ యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కూడా అదే అనుమానంతో చంపేశారు. దారిలో ఆగి బడి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అతను, అతని స్నేహితులు చేసిన తప్పు. అప్పట్లో బాగా తిరిగిన ఓ వీడియో మీకు గుర్తుండే ఉంటుంది. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాడిని లాక్కుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లు పిల్లాడిని తిరిగి దించేసి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు, అంతే.

వాట్సాప్ వాళ్లు ఆ జులైలోనే 'ఫార్వర్డెడ్' అనే ముద్ర తెచ్చారు, మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి పెట్టారు. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి పాటలు పాడించి మరీ పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఆ రెండింటిలో డప్పే ఎక్కువ పని చేసిందని నా అనుమానం. టెక్నాలజీ గురించి రాసుకుని బతికేవాడిని ఈ మాట ఒప్పుకోవడం కొంచెం కష్టమే అనుకోండి.

ఉద్యోగంలో చేరి బ్లాగ్ మొదలుపెట్టాక నేను రాసిన తొలి పోస్టుల్లో ఒకటి ఫేక్ న్యూస్ పట్టుకోవడం మీదే. రివర్స్ ఇమేజ్ సెర్చ్ ఎలా చేయాలి, వీడియోని ఫ్రేములుగా విడగొట్టి ఎలా వెతకాలి... స్క్రీన్‌షాట్లతో సహా వివరించా. బాగా చదివారు. షేర్లు కూడా బాగానే వచ్చాయి. నేనూ ఓ ఆడియో ఫార్వర్డ్ చేశానన్న సంగతి మాత్రం అందులో రాయలేదు.

అశోక్‌నగర్ గదిలో

రెండేళ్ల కిందట ఓ ఆదివారం అశోక్‌నగర్‌లో ఫ్రెండ్ గదికి వెళ్లా. హాస్టల్లో నాలుగేళ్లు పక్క మంచం మావోడిదే. ఉద్యోగం మానేసి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. ఆ ఏరియా తెలిసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక గది, మూడు మంచాలు, గోడకు పాలిటీ చార్టు, కింద కరెంట్ అఫైర్స్ కట్టలు. వాడు టీ తేవడానికి కిందికెళ్లాడు. బల్ల మీద ఓ ఇంగ్లిష్ పుస్తకం కనబడింది. మీనా రాధాకృష్ణ రాసిన 'డిసానర్డ్ బై హిస్టరీ'. సొసైటీ పేపర్ కోసం నోట్స్ రాసుకుంటున్నట్టున్నాడు, అక్కడక్కడా పెన్సిల్ గీతలు. ఊరికే తిప్పుతుంటే 'స్టూవర్టుపురం' అని కనిపించింది. ఆగిపోయా.

ఎందుకంటే మాది బాపట్ల జిల్లా. చిన్నప్పుడు బాపట్ల నుంచి చీరాల రైల్లో వెళ్లేటప్పుడు స్టూవర్టుపురం స్టేషన్ దగ్గర పడగానే మా నాయనమ్మ సంచి ఒళ్లోకి లాక్కునేది. ఎందుకని అడిగితే 'దొంగలూరు నాన్నా' అనేది. అన్నం తినకపోతే ఎరుకలోళ్లకి పట్టిస్తానని బెదిరించేది కూడా. నాయనమ్మ చెడ్డ మనిషేం కాదు. వీధిలో ఎవరింట్లో జ్వరమొచ్చినా జావ కాచి పంపే మనిషి. ఆమెకు అదే తెలుసు. సినిమాలు కూడా అదే చెప్పాయి.

ఆ పుస్తకం వేరే సంగతి చెప్పింది. ఎరుకల, కొరవ కుటుంబాలు ఒకప్పుడు తిరుగుడు వ్యాపారులు. కోస్తాలో ఉప్పు కొని, పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు మోసేవాళ్లు. అక్కణ్నుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. బ్రిటిష్ వాళ్ల ఉప్పు విధానాలు, ఆ తర్వాత రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. బతుకుతెరువు పోయింది, తిరగడం మాత్రం మిగిలింది. పని లేకుండా తిరిగేవాళ్లంటే సర్కారుకు అనుమానం. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. ఒక జాతిలో పుడితే చాలు, నేరస్థుడి కిందే లెక్క. వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాస్ ఉండాలి. స్టూవర్టుపురం అలా కట్టిన సెటిల్‌మెంటే. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. ఊరికి పెట్టింది హెరాల్డ్ స్టూవర్ట్ అనే ఇంగ్లిష్ అధికారి పేరు. అక్కడి జనం చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు.

స్వాతంత్య్రం వచ్చిన ఐదేళ్లకు, 1952లో, దేశమంతటా ఆ చట్టం రద్దయింది. జాబితాలోని జాతులకు 'విముక్త జాతులు' అని పేరు పెట్టారు. ఆ జాబితాలో పార్దీలు కూడా ఉన్నారు. చట్టం రద్దయిన 66 ఏళ్ల తర్వాత, ఒక రాత్రి పదకొండింటికి, నేను దాన్ని నా ఫోన్ నుంచి మళ్లీ అమలు చేశానన్నమాట.

టీ కప్పులతో మావోడు వచ్చాడు. 'ఒరేయ్, స్టూవర్టుపురం వెనక ఇంత కథ ఉందా? నాకు అసలు తెలీదురా' అన్నా, ఏదో కొత్తది కనిపెట్టినట్టు.

వాడు కప్పు నా చేతికిచ్చి మంచం మీద కూర్చున్నాడు. 'మేం ఎరుకల వాళ్లమే రా' అన్నాడు.

నాలుగేళ్లు పక్క మంచం. వాడి సెమిస్టర్ మార్కులు తెలుసు, వాడికి ఇష్టమైన హీరో తెలుసు, వాడి అమ్మ పంపే కారప్పొడి సగం తిన్నది నేనే. ఇది తెలీదు. ఏమనాలో తోచక నీళ్లు నములుతుంటే వాడే అన్నాడు: 'నువ్వు హాస్టల్ గ్రూప్‌లో ఓ ఆడియో పెట్టావ్, గుర్తుందా? సెలవులకి ఇంటికెళ్లి మా అమ్మమ్మ పక్కన కూర్చుని విన్నా. ఆవిడ బుట్టలు, చేటలు అల్లి ఊళ్లమ్మట తిరిగి అమ్ముద్ది. ఆ నెలంతా గడప దాటలేదు. అప్పు తెచ్చుకుని తిన్నారు.'

'అప్పుడే చెప్పొచ్చు కదరా.'

'ఏమని చెప్పను? మేం దొంగలం కాదు అని గ్రూప్‌లో మెసేజ్ పెట్టమంటావా?'

దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. సారీ చెప్పా. వాడు 'టీ చల్లారిపోద్ది, తాగు' అన్నాడు. పుస్తకం అడిగి తెచ్చుకున్నా. మూడు వారాలు పట్టింది. చరిత్ర పరిశోధన పుస్తకం కదా, అంత తేలిగ్గా సాగదు. కానీ పూర్తి చేశా.

ఫ్యాక్ట్ చెక్ మీద నాకు గౌరవం తగ్గలేదు. కాకపోతే అది ఒక అబద్ధానికి ఒకసారి వేసే మందు. 'ఇది నిజమా కాదా' అన్న ప్రశ్నకు జవాబిస్తుంది. 'నువ్వు దీన్ని అంత తేలిగ్గా ఎందుకు నమ్మావ్' అన్న ప్రశ్న జోలికి పోదు. ఆ ఆడియోలో డాక్టర్లో, సాఫ్ట్‌వేర్ వాళ్లో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారని ఉంటే నేను నవ్వి వదిలేసేవాణ్ని. బుట్టలమ్మేవాళ్లు అనేసరికి నమ్మేశా. ఎందుకంటే రైల్లో నాయనమ్మ ఒళ్లో సంచి నాకప్పటికే సగం చెప్పి పెట్టింది. ఆ సగాన్ని కదిలించడానికి లింకు సరిపోలేదు, 200 పేజీలు కావాల్సి వచ్చింది. ఇంకోటి, నాకు ఈ చరిత్ర నేర్పడం మావోడి పని కాదు. తన ఇంటి కష్టాన్ని పాఠంలా విప్పి చెప్పమని ఎవరినైనా ఎలా అడుగుతాం? పుస్తకాన్నయితే ఎన్ని తెలివితక్కువ ప్రశ్నలైనా అడగొచ్చు, అది బాధపడదు.

చదివితే చాలా?

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. 1933 మే 10న బెర్లిన్‌లో పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టారు. ఆ పని ముందుండి చేసింది చదువురాని జనం కాదు, యూనివర్సిటీ విద్యార్థి సంఘాలు. అక్కడ ప్రసంగించిన గోబెల్స్ హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో సాహిత్యం మీద డాక్టరేట్ చేసినవాడు. నవల కూడా రాశాడు. కాబట్టి పుస్తకం పట్టుకున్న ప్రతివాడూ మంచివాడైపోతాడని చెబితే అది కూడా ఓ ఫార్వర్డ్ మెసేజే అవుతుంది.

సైన్స్ కూడా అంత గట్టిగా ఏం చెప్పడం లేదు. మంచి కథా సాహిత్యం కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకునే శక్తి పెరుగుతుందని 2013లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పేపర్లన్నీ రాశాయి. తర్వాత వేరే బృందాలు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. అరగంట చదివితే మనిషి మారిపోయేటట్టయితే పోటీ పరీక్షలకు రోజుకు పన్నెండు గంటలు చదివే మనోళ్లంతా ఈపాటికి మహాత్ములై ఉండాలి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి నేనెప్పుడు వెళ్లినా కుర్చీ దొరకడమే గగనం. అందరి ముందూ మెటీరియలే. తప్పు పట్టడం లేదు, ఉద్యోగం రావాలి కదా! కానీ నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపెట్టుకునే చదువు వేరు, ఎవరింట్లోకో వెళ్లి కూర్చునే చదువు వేరు.

నా లెక్క ఏంటంటే, ఎంత చదివామన్నది కాదు, మనకు తెలియని ఇళ్ల గురించి, మనం భయపడే ఇళ్ల గురించి చదివామా అన్నది. మనకు నచ్చిన అభిప్రాయాన్నే 300 పేజీల్లో చెప్పే పుస్తకానికీ, మన టైమ్‌లైన్‌కీ తేడా లేదు. బరువు తప్ప.

దీన్ని మా బాబాయ్ మీద ప్రయోగించి చూశా. ఆయన ఇంటి గ్రూప్‌లో ముస్లింల గురించి రోజుకో మెసేజ్ పెట్టేవాడు. మొదట్లో ఒక్కో దానికీ ఫ్యాక్ట్ చెక్ లింకు పెట్టా. 'నీ సాఫ్ట్‌వేర్ తెలివి నా దగ్గర చూపించకురా' అని రెండు నెలలు మాట్లాడలేదు. నిజమే, నలుగురిలో చిన్నాన్నని తప్పు పట్టిన కొడుకు మాట ఎవరు వింటారు? మరుసటి సంక్రాంతికి వెళ్లినప్పుడు మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' ఆయన బల్ల మీద పెట్టి వచ్చా. ఏమీ చెప్పలేదు. 'కావలి కథలు బాబాయ్, నువ్వు అక్కడ ఆరేళ్లు ఉద్యోగం చేశావ్ కదా' అన్నా, అంతే. కావలిలో ఓ పేద ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లాడి కథలవి. నెల్లూరు యాస, నవ్వు, ఆకలి అన్నీ ఉంటాయి.

పది రోజులకు ఫోన్ చేశాడు. పుస్తకం గురించి కాదు, కావలి గురించి మొదలుపెట్టాడు. ఆయన అద్దెకున్న ఇంటి వెనక ఓ ముస్లిం కుటుంబం ఉండేదట. పిన్నికి పురిటి రోజుల్లో ఆ ఇంటావిడే వేణ్నీళ్లు కాచి పోసిందట. ముప్పై ఏళ్లలో ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 'ఏమైపోయారో వాళ్లు' అన్నాడు. బాబాయ్ పూర్తిగా మారిపోయాడని చెప్పను. రాజకీయ మెసేజ్‌లు ఇప్పటికీ పెడతాడు, మేం ఇప్పటికీ పోట్లాడుకుంటాం. ఆ రకం మెసేజ్‌లు మాత్రం బాగా తగ్గాయి.

'ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి బ్రో' అని అడిగేవాళ్లకు నేను జాబితా ఇవ్వను. మీ ఇంట్లో ఎవరి గురించి ఎక్కువ జోకులు, ఎక్కువ భయాలు తిరుగుతాయో చూడండి. వాళ్లు రాసిందో, వాళ్ల గురించి కష్టపడి రాసిందో ఒకటి వెతకండి. చరిత్ర బరువనిపిస్తే కథలు చదవండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు పెట్టిన కథానిలయం వెబ్‌సైట్‌లో వేల కథలు ఉచితంగా ఉన్నాయి, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశారు. నల్లవాళ్ల బానిసత్వం గురించి మన భాషలోనే చదువుకోవచ్చు. మీ జిల్లా గ్రంథాలయంలో కార్డు తీసుకోవడానికి సినిమా టికెట్ అంత కూడా కాదు. ఇంటర్వ్యూలో హాబీస్ అడిగితే చెప్పుకోవడానికి పనికొస్తుందా అంటే, పనికొస్తుందేమో. దానికోసమైతే మొదలుపెట్టొద్దు, మూడో పేజీకే నిద్రొస్తుంది.

పోయిన నెల మావోడు వాళ్ల ఊరెళ్తుంటే నేనూ వెళ్లా. వాళ్ల అమ్మమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. ఊళ్లు తిరగడం మానేసింది గానీ అల్లడం మానలేదు. వచ్చేటప్పుడు ఓ చేట చేతికిచ్చి, 'మీ నాయనమ్మకు ఇయ్యయ్యా' అంది. డబ్బులు ఇవ్వబోతే మావోడు కళ్లతోనే వద్దన్నాడు. తిరుగు ప్రయాణంలో స్టూవర్టుపురం స్టేషన్‌లో రైలు ఒక్క నిమిషం ఆగింది. చేట ఒళ్లో పెట్టుకుని, నాయనమ్మకు ఇది ఎవరిచ్చారని చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నా. ఇంటికెళ్లి చెప్పా. ఆమె చేటను అటూ ఇటూ తిప్పి చూసి, 'అల్లిక గట్టిగా ఉందిరా, ఇప్పుడిలా ఎవరల్లుతున్నారు' అంది. ఆ వారం బియ్యం దాంతోనే చెరిగింది.