కంప్యూటర్ మదర్‌బోర్డు మార్చినప్పుడు సంఘం లెక్కలు పోకుండా చూడండి

తెల్లవారుజామున పాలు పట్టుకొని సభ్యులందరూ సంఘం ముందు వరుసలో నిలబడి ఉన్నారు. కార్యదర్శి మీట నొక్కారు. కంప్యూటర్ తెర వెలగలేదు. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి చూసి, "మదర్‌బోర్డు పోయిందండీ. కొత్తది వేసి విండోస్ మళ్ళీ ఎక్కించాలి. డిస్కు తుడిచేయమంటారా?" అని అడిగాడు. సాయంత్రం పాలవేళకు యంత్రం నడవాలన్న తొందరలో కార్యదర్శి "కానివ్వండి" అన్నారు.

ఇటువంటి సంఘటన ఏ సంఘంలోనైనా జరుగవచ్చును. అయితే ఆ డిస్కులో ఉన్నది విండోస్ ఒక్కటే కాదు. ఏ సభ్యుడు ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతం ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, ఎంత సొమ్ము రావాలి అన్న లెక్క అంతా అందులోనే ఉంటుంది. అది సభ్యుల కష్టార్జితం. కావున మదర్‌బోర్డు మార్చడం, ఆపరేటింగ్ సిస్టం మళ్ళీ ఎక్కించడం అన్న పనులను గురించి కార్యదర్శులే గాక సభ్యులు కూడా కొంత తెలుసుకొని ఉండుట అవసరం.

ఏది ఎక్కడ ఉంటుంది?

మదర్‌బోర్డు అనగా కంప్యూటర్ పెట్టెలోని పెద్ద పలక. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, తూకపు యంత్రం నుండి వచ్చే వైరు, ప్రింటర్ వైరు అన్నీ దానికే వచ్చి కలుస్తాయి. ఆపరేటింగ్ సిస్టం అనగా ఈ భాగాలన్నిటి చేత పని చేయించే ప్రోగ్రాం. విండోస్, లినక్స్ అటువంటివే. ఇది ఉండేది మదర్‌బోర్డులో కాదు, డిస్కులో. సంఘం లెక్కలు కూడా సాధారణంగా ఆ డిస్కులోనే ఉంటాయి.

దీనిని బట్టి ముఖ్యమైన సంగతి ఒకటి తేలుతుంది. మదర్‌బోర్డు చెడినంత మాత్రాన లెక్కలు పోవు. డిస్కు బాగుంటే దానిని ఊడదీసి మరొక కంప్యూటర్‌కు తగిలించి లెక్కలు చదువుకోవచ్చును. చాలా సందర్భాలలో లెక్కలు పోయేది బోర్డు చెడినప్పుడు కాదు, ఆ తరువాత మనం డిస్కును తుడిచినప్పుడు.

మళ్ళీ ఎక్కించడం ఎందుకు?

పాలు పితికే మనిషి మారితే గేదె వెంటనే చేపదు. అలవాటైన చేయి కాదని దానికి తెలుస్తుంది. ఆపరేటింగ్ సిస్టం కూడా అంతే. పాత బోర్డులోని భాగాలతో మాట్లాడటానికి అవసరమైన చిన్న ప్రోగ్రాంలు, అనగా డ్రైవర్లు, దానిలో ఎక్కించి ఉంటాయి. కొత్త బోర్డు వేరే రకానిదైతే ఆ డ్రైవర్లు దానికి సరిపడవు. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 వంటి పాతవాటిలో ఇటువంటప్పుడు నీలి తెర వచ్చి యంత్రం ఆగిపోవడం తరచు జరిగేది. విండోస్ 10, 11 మాత్రం మొదటిసారి తెరిచినప్పుడు కొత్త భాగాలను చాలావరకు తామే గుర్తించి సర్దుకుంటాయి. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు ముందే కలిసి ఉంటాయి గనుక అది కూడా సాధారణంగా నడుస్తుంది. పాత బోర్డు వంటిదే, అదే మోడల్ బోర్డు దొరికితే మళ్ళీ ఎక్కించవలసిన అవసరమే రాకపోవచ్చును.

మరొక చిక్కు కూడా ఉన్నది. పాత కంప్యూటర్లు బయాస్ అనే పద్ధతిలో మొదలయ్యేవి. కొత్త బోర్డులు యు.ఇ.ఎఫ్.ఐ. అనే పద్ధతిలో మొదలవుతాయి. పాత పద్ధతిలో ఎక్కించిన డిస్కును కొన్ని కొత్త బోర్డులు అసలు గుర్తించవు. అప్పుడు డిస్కు పాడైందని భ్రమపడి తుడిచివేయరాదు. బోర్డు సెట్టింగులలో పాత పద్ధతిని అనుమతించే వీలున్నదేమో, డిస్కు నియంత్రణ పద్ధతి మునుపటి వలె ఉన్నదేమో మెకానిక్ చేత చూపించాలి.

ముందు రోగం ఏమిటో తేల్చండి

తెర వెలగకపోతే తప్పు మదర్‌బోర్డుదే అనుకోనక్కరలేదు. కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె చెడినా లక్షణాలు అవే. మెమరీ పలకకు దుమ్ము పట్టినా తెర రాదు. ముందు వేరొక ఎస్.ఎం.పి.ఎస్. తగిలించి, మెమరీ పలకను తీసి శుభ్రం చేసి పెట్టి చూడమనండి. గడియారం ప్రతిసారీ వెనక్కి పోతూ ఉంటే బోర్డు మీది 3 వోల్టుల చిన్న బ్యాటరీ అయిపోయి ఉండవచ్చును. దానిని మార్చితే చాలు. బోర్డే చెడిందని తేలితే ఎందువల్ల చెడిందో కూడా చూడాలి. ఎర్త్ సరిగా లేకుండా, యు.పి.ఎస్. లేకుండా కొత్త బోర్డు వేస్తే అది కూడా త్వరలోనే పోతుంది.

చేయవలసిన పనులు, వరుసగా

1. మొట్టమొదట డిస్కును బయటకు తీసి, వేరొక కంప్యూటర్‌కు తగిలించి, సంఘం లెక్కలను రెండు చోట్ల నకలు తీయించండి. నకలు తీసిన ఫైలు నిజంగా తెరుచుకుంటున్నదో లేదో చూడండి. లెక్కలు ఏ ఫోల్డరులో ఉంటాయో పాల సేకరణ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారిని అడిగి తెలుసుకోండి. డి డ్రైవులోనే ఉంటాయని ఊహించుకోవద్దు. చాలాసార్లు సి డ్రైవులోనే ఉంటాయి, తుడిచేది కూడా దానినే.

2. కొన్ని కొత్త కంప్యూటర్లలో డిస్కుకు తాళం వేసి ఉంటుంది. దీనిని బిట్‌లాకర్ అంటారు. బోర్డు మారగానే అది 48 అంకెల సంఖ్యను అడుగుతుంది. ఆ సంఖ్య లేకపోతే లెక్కలు డిస్కులో ఉండి కూడా అందవు. కంప్యూటర్ బాగున్నప్పుడే ఆ సంఖ్యను కాగితం మీద వ్రాసి సంఘం బీరువాలో పెట్టాలి.

3. కొత్త బోర్డు వేసిన తరువాత ఏమీ తుడవకుండా ఉన్నది ఉన్నట్లు ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకుంటే డ్రైవర్లు సర్దుకొనేవరకు ఆగి, రెండుసార్లు ఆపి తెరవండి. బోర్డు తయారీదారు ఇచ్చిన డ్రైవర్లు ఎక్కించండి.

4. తెరుచుకోకపోతే అప్పుడే మళ్ళీ ఎక్కించండి. వీలైతే పాత డిస్కును పక్కన పెట్టి, కొత్త డిస్కులో ఎక్కించడం అన్నిటికంటే క్షేమం. ఎక్కించేటప్పుడు పాత డిస్కు వైరు ఊడదీసి ఉంచాలి. కనీసం రెండు బిల్లులు సక్రమంగా చెల్లింపు అయ్యేవరకు పాత డిస్కును తుడవరాదు.

ఏ విండోస్? ఎవరి అనుమతి?

విండోస్ 7కు తయారీదారు మద్దతు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తోను ముగిసింది. విండోస్ 11కు 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్కు, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. బోర్డు కొనేటప్పుడే ఈ సంగతి అడగండి.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ అనుమతి సాధారణంగా ఆ మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది. విడిగా కొన్న అనుమతిని వేరే యంత్రానికి మార్చుకోవచ్చును. బోర్డు మార్చకముందే విండోస్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపెట్టి ఉంచితే, తరువాత యాక్టివేషన్ పేజీలో హార్డ్‌వేర్ మార్చామని తెలిపి అనుమతిని తిరిగి పొందే వీలున్నది. వారంటీలో ఉన్న కంప్యూటర్ అయితే తయారీదారు చేతనే బోర్డు మార్పించడం మంచిది. డబ్బు కలిసి వస్తుందని దొంగ విండోస్ ఎక్కించనీయవద్దు. సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉండే యంత్రంలో ఎవరు ఏమి దూర్చారో తెలియని ప్రోగ్రాం ఉండరాదు.

పాల సేకరణ సాఫ్ట్‌వేర్లలో కొన్ని కూడా యంత్రపు గుర్తును బట్టి తాళం వేసుకుంటాయి. బోర్డు మారితే కొత్త తాళపు సంఖ్య కావలసి వస్తుంది. ఇచ్చినవారితో ముందే మాట్లాడి ఉంచుకోండి.

తూకం, పరీక్ష యంత్రాల వైర్లు

తూకపు యంత్రం, పాల పరీక్ష యంత్రం చాలా చోట్ల తొమ్మిది సూదుల సీరియల్ వైరు ద్వారా కంప్యూటర్‌కు అంకెలు పంపుతాయి. కొత్త బోర్డులు కొన్నింటికి ఆ రంధ్రమే ఉండదు. యు.ఎస్.బి. కన్వర్టర్ వాడవలసి ఉంటుంది. అప్పుడు పోర్టు నంబరు మారుతుంది. పాత నంబరు 1 అయితే కొత్తది 3 కావచ్చును. సాఫ్ట్‌వేర్‌లో కూడా దానిని మార్చాలి. రెండు యంత్రాల వైర్లు తారుమారు కాకుండా చీటీలు కట్టండి.

ఇది కుదరక అంకెలు చేతితో ఎక్కిస్తే ఏమవుతుందో చూడండి. ఒక సభ్యురాలు 5 లీటర్ల గేదె పాలు పోసింది అనుకుందాం. లీటరుకు 1.03 కిలోల చొప్పున 5.15 కిలోలు. వెన్న 6.5 శాతం. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే ఆమెకు రావలసినది 267 రూపాయల 80 పైసలు. తొందరలో 6.5 బదులు 5.6 అని కొడితే వచ్చేది 230 రూపాయల 72 పైసలు. ఒక్క పూటకే 37 రూపాయల 8 పైసలు నష్టం.

కంప్యూటర్ ఆగిన రోజుల్లో

కంప్యూటర్ ఆగినా పాల సేకరణ ఆగనక్కరలేదు. తూకపు యంత్రం, పరీక్ష యంత్రం తమ తెర మీద అంకెలు చూపుతూనే ఉంటాయి. వాటిని రిజిస్టరులోను, సభ్యుని పాసుపుస్తకంలోను అక్కడికక్కడే వ్రాయాలి. సభ్యులు కూడా అంకె చూసుకొని వెళ్ళాలి. కంప్యూటర్ బాగైన తరువాత ఈ పూటలను ఎక్కించేటప్పుడు ఒకరు చదవాలి, మరొకరు కొట్టాలి, మూడవవారు సరిచూడాలి.

పని పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి?

తెర వెలిగినంత మాత్రాన పని పూర్తి కాదు. తేదీ, వేళ సరిగా ఉన్నవో చూడండి. తేదీ తప్పితే ఒక బిల్లు పాలు మరొక బిల్లులో కలుస్తాయి. ధరల పట్టిక పాతది పడిందేమో చూడండి. కడపటి బిల్లులో అయిదుగురు సభ్యుల లెక్క చేతితో కట్టి, యంత్రం చూపే సొమ్ముతో పోల్చండి. అయిదూ పైసలతో సహా సరిపోతేనే మెకానిక్‌కు సొమ్ము చెల్లించండి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అన్నారు పెద్దలు. ప్రతి రోజు సాయంత్రం సేకరణ ముగియగానే లెక్కల నకలు ఒకటి పెన్‌డ్రైవులో తీసి, ఆ పెన్‌డ్రైవును కంప్యూటర్‌కు తగిలించి వదలకుండా వేరుగా భద్రపరచుట అలవాటు చేసుకోవాలి. దీనికి అయిదు నిమిషాలు చాలు. వచ్చే సర్వసభ్య సమావేశంలో "మన లెక్కల నకలు ఎక్కడ ఉన్నది? కడపటిసారి ఎప్పుడు తీశారు?" అని ప్రతి సభ్యుడూ అడగాలి. అది కార్యదర్శి మీద అనుమానం కాదు. తాను పోసిన పాల మీద తనకున్న హక్కు.