నికాహ్‌నామా సంతకానికి ఏ నల్ల సిరా?

మన గుడివాడ, దివిసీమ వైపు కాగితానికి పెద్ద శత్రువు నీళ్లే. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. అందుకే నికాహ్‌నామా, పొలం కాగితాల మీద ఫౌంటెన్ పెన్నుతో సంతకం చేసేవాళ్లు సిరా చూసుకోవాలి.

మామూలు నల్ల సిరాలో ఉండేది నీళ్లలో కరిగే రంగు. తడిస్తే అక్షరం అలుక్కుపోతుంది. ఖత్తాతీ సియాహీలో ఉండేది మసి. అది కరగదు. అలాగని దాన్నీ, డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంకునీ పెన్నులో పోయకండి, పాళీ మూసుకుపోతుంది. ఫౌంటెన్ పెన్ను కోసమే చేసిన ప్లాటినం కార్బన్, సైలర్ కివాగురో లాంటివి తీసుకోండి. పెన్ను ఎండనివ్వకుండా రాస్తూ, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి.

కొన్నాక ఓ గీత గీసి, మర్నాడు నీటిచుక్క వేసి చూడండి. చెదరకపోతే సంతకానికి వాడొచ్చు. పిల్లల నోట్సుకి మాత్రం మామూలు సిరా చాలు.