రాగి చుట్ట చేసే పని

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని (మాల్ట్) వేడినీళ్లలో నానబెట్టి వడకడితే వచ్చే తియ్యటి రసమే వర్ట్. బీరు తయారయ్యేది దీనితోనే. హాప్స్ పూలు వేసి గంటసేపు మరిగించాక అందులో ఈస్ట్ కలపాలి. ఆ వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది కాబట్టి 20 డిగ్రీల దాకా చల్లార్చక తప్పదు. గండమంతా ఆ చల్లారే వేళలోనే. గోరువెచ్చటి తీపి రసం దొరికితే గాలిలోని బాక్టీరియా ఊరుకోదు.

ఐరోపాలో శతాబ్దాల పాటు వర్ట్‌ను లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టెల్లో పోసి రాత్రంతా వదిలేసేవారు. చలికాలంలో అది చెల్లింది. వేసవి బీరు చెడిపోతుంటే 1553లో బవేరియా పాలకుడు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాయడాన్నే నిషేధించాడు. 1923లో లండన్‌లో రిచర్డ్ సెలిగ్‌మన్ పల్చటి లోహపు పలకలకు ఒక పక్క వేడి ద్రవం, రెండో పక్క చన్నీళ్లు పారే యంత్రం చేశాడు. పాల కోసం పుట్టిన ఆ యంత్రం బ్రూవరీలకూ చేరాక వర్ట్‌కు గాలి తగిలే పని తప్పింది.

ఇళ్లలో కాచేవాళ్లకు రాగి గొట్టపు చుట్ట చాలు. స్టెయిన్‌లెస్ స్టీలుకన్నా రాగి వేడిని ఇరవై రెట్లకు పైగా బాగా లాగుతుంది. మరుగు ఆపడానికి పది నిమిషాల ముందే చుట్టను గిన్నెలో దించితే అదీ శుభ్రపడుతుంది. తర్వాత చుట్ట ఒక కొసకు తగిలించిన కుళాయి తిప్పగానే రెండో కొస నుంచి పొగలు కక్కే నీళ్లు వస్తాయి. కాసేపటికే అవి గోరువెచ్చనవుతాయి. రసం చల్లబడిందనుకుంటారు కొత్తవాళ్లు. నిజానికి చల్లబడింది గొట్టాన్ని ఆనుకున్న పొర మాత్రమే. గరిటెతో ఒక్కసారి కలపండి, నీళ్లు మళ్లీ కాలతాయి. కలుపుతూ ఉండటమే ఇందులో అసలు కిటుకు.

త్వరగా చల్లార్చితే తేటదనమూ వస్తుంది. మాల్ట్‌లోని ప్రొటీన్లు, టానిన్లు ఒకదాన్నొకటి పట్టుకుని విరిగిన పాలలా తునకలు కడతాయి. చివరి పావుగంటలో ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచు వేస్తే దానిలోని కారజీనన్ ఆ ప్రొటీన్లను ఇంకా బాగా పోగుచేస్తుంది. గిన్నెను గుండ్రంగా తిప్పి వదిలేస్తే మడ్డి మధ్యలో కుప్పపడుతుంది. టీ కప్పులో ఆకులు నడుమకే ఎందుకు చేరతాయో 1926లో ఐన్‌స్టీన్ వివరించాడు: అడుగున రాపిడికి సుడి నెమ్మదించి, ప్రవాహం లోపలికి మళ్లుతుంది. కెనడాలోని మోల్సన్ బ్రూవరీ 1960లో అదే సూత్రాన్ని పెద్ద తొట్టికి ఎక్కించింది. ఒక్క మరా లేకుండా మడ్డిని విడదీసే ఈ ఉపాయం నాకు మహా ఇష్టం.

చుట్టకూ ఒక హద్దుంది. కుళాయి నీళ్లకన్నా చల్లగా అది రసాన్ని చేయలేదు. ఎండాకాలంలో చివర్లో చిన్న మోటారుతో ఐసు నీళ్లు తిప్పాల్సిందే. చల్లారాక పైతేటను పులియబెట్టే పాత్రలోకి ఎత్తు నుంచే పోస్తారు. మరిగినప్పుడు పోయిన ఆక్సిజన్ ఈస్ట్‌కు కావాలి, అలా పోస్తే గాలి నుంచి అది మళ్లీ కలుస్తుంది.