అటకెక్కిన సైకిలు బాటెక్కాలంటే...

పాత ఇనుప సామాను కొనే బండి వీధిలోకి వస్తే చాలు, విరిగిన గడ్డపారతో పాటు కొట్టంలో మూలపడిన తాతల నాటి సైకిలు కూడా కాటా ఎక్కేస్తోంది. బరువుకు తగ్గ నాలుగు డబ్బులు చేతిలో పడతాయి. పోయేది మాత్రం మళ్లీ ఏ కంపెనీ తయారుచేయని వస్తువు!

ఒకప్పుడు ఊళ్లో సైకిలున్న ఇల్లంటే గొప్ప. అల్లుడికి రేడియో, వాచీ, సైకిలు పెట్టిన పెళ్లిళ్ల గురించి పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. టపా బంట్రోతుకు, బడిపంతులుకు, పాలవాడికి అదే కాళ్లూ చేతులూ. రాత్రిపూట దీపం లేకుండా తొక్కి పోలీసులకు దొరికిపోయిన వారూ ఉన్నారు. అలాంటి బండి తుప్పు పట్టినంత మాత్రాన చచ్చినట్లు కాదు. తెలిసిన చెయ్యి పడితే మళ్లీ తిరుగుతుంది. తెలియని చెయ్యి పడితేనే చిక్కు.

దూరాలు చూసిన బండ్లు

ఆ తరం సైకిళ్లు సంతకు వెళ్లి రావడానికే కాదు, దూర ప్రయాణాలకూ పనికొచ్చేవి. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచ యాత్రకు బయలుదేరారు. ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగరా అనే ముగ్గురు దాన్ని పూర్తిచేసి 1928లో తిరిగి వచ్చారు. తొక్కిన దూరం డెబ్బై వేల కిలోమీటర్ల పైమాటే. తారు రోడ్డు ఎరుగని దారుల్లోనూ ఆ నాటి ఉక్కు గొట్టాలు నిలిచాయి.

మన ఊళ్లకు అప్పట్లో ఇంగ్లాండు నుంచి వచ్చిన వాటిలో ర్యాలీ, హంబర్, రడ్జ్, బి.ఎస్.ఏ., హెర్క్యులస్ పేర్లు ఎక్కువగా వినిపించేవి. స్వాతంత్ర్యం తర్వాత ర్యాలీ సైకిళ్లు బెంగాల్‌లోని అసన్‌సోల్ వద్ద సెన్-ర్యాలీ పేరుతో, హెర్క్యులస్ సైకిళ్లు మద్రాసు శివారు అంబత్తూరులో తయారయ్యాయి. సెన్-ర్యాలీని 1980లో కేంద్ర ప్రభుత్వం జాతీయం చేసింది. అదిప్పుడు లేదు. నాటింగ్‌హామ్‌లోని అసలు ర్యాలీ ఫ్యాక్టరీలో సైకిళ్ల తయారీ 2002లో ఆగిపోయింది. అందుకే ఇంట్లో ఉన్నదాన్ని కాపాడుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఏ బండో తెలుసుకోండి

రంగు పోయి పేరు చెరిగిపోయినా గుర్తుపట్టే మార్గముంది. పెడళ్ల దగ్గరి పెద్ద పళ్ల చక్రాన్ని గుడ్డతో తుడిచి చూడండి. మధ్యలో పొడవు ముక్కు కొంగ తలలుంటే ర్యాలీ. అరచెయ్యి బొమ్మ ఉంటే రడ్జ్. బి.ఎస్.ఏ. గుర్తు మూడు తుపాకులు. తుపాకులు చేసే కంపెనీయే సైకిళ్లూ చేసింది మరి! ముందు ఫోర్కుకు రెండేసి గొట్టాలుంటే అది హంబర్ కావచ్చు. పేరు తెలియందే పానా పట్టవద్దు. ఎందుకో కింద చూడండి.

కిరసనాయిలు, ఓపిక

పాత బండిని ఓవరాయిలింగ్ చేయడంలో సగం పని ఓపికదే. బిగిసిన నట్టులన్నిటికీ కిరసనాయిలు పట్టించి రెండు మూడు రోజులు వదిలేయాలి. ఆ తర్వాతే పానా. ఎడమ పెడలు మర ఉల్టాగా ఉంటుందని సైకిలు తొక్కిన చాలామందికి తెలుసు. పెడళ్ల ఇరుసు దగ్గర కుడివైపు కప్పు మర కూడా ఉల్టాయేనని చాలామందికి తెలియదు. తెలియక సుత్తితో బాదితే మర నలిగిపోతుంది. ఆ కప్పు లోపల నున్నగా ఉంటే దాన్ని విప్పకుండా అలాగే తుడిచి వాడుకోవడం మేలు.

క్రాంకుల్ని పట్టి ఉంచే కాటర్ పిన్నుల్ని కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనుప గొట్టం ముక్క ఆనించాలి. ఆధారం లేకుండా కొడితే దెబ్బంతా లోపలి బాల్సు మీద పడి కప్పు గుంటలు పడుతుంది. కొత్త పిన్నులు వేసేటప్పుడు ఒకదాని నట్టు పైకి ఉంటే రెండోదాని నట్టు కిందికి ఉండాలి. నాలుగు కిలోమీటర్లు తొక్కాక నట్టుల్ని మళ్లీ ఒకసారి బిగించాలి.

బాల్సు తీసేటప్పుడు లెక్కపెట్టి తీయాలి. పెడళ్ల ఇరుసుకు మామూలుగా అటు 11, ఇటు 11 ఉంటాయి. పాతవి తుడిచి వాడవద్దు. కొత్త బాల్సుకయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు. చైను సాగిందో లేదో చూడటానికి స్కేలు చాలు. పిన్ను నుంచి పిన్నుకు 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందా, చైను మార్చాల్సిందే.

కొంప ముంచే కొత్త కప్పు

పాత బండ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. పెడళ్ల ఇరుసు కప్పులకు మామూలుగా అంగుళానికి 24 మరలు ఉంటాయి. నాటింగ్‌హామ్ ర్యాలీకి మాత్రం 26. కంటికి రెండూ ఒకటే. కొత్త కప్పు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. 'కొత్తది కదా, బిగువుగానే ఉంటుంది' అనుకుని పెద్ద పానా వేస్తే ఫ్రేములోని మర కోసుకుపోతుంది. ఆపైన పాత కప్పూ నిలవదు, కొత్త కప్పూ నిలవదు. డెబ్బై ఏళ్లు నిలిచిన ఫ్రేము ఐదు నిమిషాల్లో పాత ఇనుమవుతుంది! చేత్తో నాలుగు చుట్లు సాఫీగా తిరగని కప్పును పానాతో తిప్పవద్దు. కప్పు బాగుంటే బాల్సు మాత్రమే మార్చండి.

వెల్డింగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆ ఫ్రేముల అతుకులు ఇత్తడి పోసి అతికినవి. వాటి మీద కరెంటు వెల్డింగు పెడితే గొట్టం మాడి పెళుసవుతుంది. అతుకు వేయించాలంటే ఇత్తడి అతుకు తెలిసిన పనివాడినే వెతకాలి.

రంగు జోలికి పోవద్దు

బండి బాగుచేయడమంటే ముందుగా కొత్త రంగు కొట్టించడమనుకోవడం పరిపాటి. నల్లరంగు మీద గీసిన బంగారు గీతలు, కంపెనీ గుర్తులు స్ప్రే కింద పోతే మళ్లీ రావు. సబ్బు నీళ్లతో మెత్తగా కడిగి, ఆరాక మైనం పాలిష్ రుద్దితే పాత నలుపే తేలుతుంది. హ్యాండిలు, రిమ్ముల మీది తుప్పుకు నీళ్లలో తడిపిన తగరపు కాగితం చాలు. చింతపండు పులుసుతో రుద్దినా పోతుంది. కానీ వెంటనే కడిగి, తుడిచి, నూనె పూయాలి. లేకుంటే మర్నాటికి మళ్లీ తుప్పు!

ఎండి అట్టలా మారిన తోలు సీటు మీద కూర్చోవద్దు, చీలుతుంది. తోలు మైనం కొద్దికొద్దిగా అడుగు నుంచి పట్టించాలి. నూనెలో నానబెడితే మాత్రం సీటు జోలెలా కిందికి దిగిపోతుంది.

గేర్ల బండి అయితే

కొన్ని సైకిళ్ల వెనక చక్రం ఇరుసులోనే మూడు గేర్లుంటాయి. స్టర్మీ ఆర్చర్ అనే పేరు, తయారైన సంవత్సరం దాని మీద చెక్కి ఉంటాయి. అది తిరగడం లేదని తీసేసి మామూలు చక్రం వేయించిన వారు చాలామంది. నిజానికి చాలాసార్లు లోపల నూనె ఎండి గట్టిపడటమే దాని జబ్బు. ఇరుసు మీది చిన్న మూత తెరిచి కిరసనాయిలు పోసి తిప్పి, మురికి కారిపోయాక పలచటి నూనె పోస్తే మళ్లీ పలుకుతుంది.

పనికిరాదని తేలితే

ముందు ఫోర్కులో పగులు కనిపిస్తే ఆ బండి తొక్కడానికి కాదు, చూసుకోవడానికే. ఫోర్కు మార్చే దాకా పిల్లల చేతికివ్వవద్దు. మిగతా చిక్కులకు మందుంది. 28 అంగుళాల టైర్లు, రాడ్డు బ్రేకుల రబ్బర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. అవి కూడా అంతే.

దొరకనిది పనితనమే. రిమ్ము బెండును కంటితో చూసి, పుల్ల మీటి శబ్దంతో బిగువు పట్టే పాత మెకానిక్కులు ఊరూరా తగ్గిపోతున్నారు. వారి దుకాణాల స్థానంలో మోటారు సైకిలు షెడ్లు వెలుస్తున్నాయి. ఇంట్లో పాత సైకిలున్న యువకులు దాన్ని దుకాణంలో వదిలేసి రాకుండా, పక్కనే కూర్చుని ప్రతి నట్టూ విప్పడం చూసి నేర్చుకుంటే బండితో పాటు పనీ నిలుస్తుంది. మార్చిన పాత సామాను పారేయకుండా ఒక డబ్బాలో వేసి ఉంచాలి. రేపు అదే కొలతకు మరొకటి కావలసి వస్తే, దుకాణదారుకు చూపించడానికి ఆ ముక్కే ఆధారం.