సుషిర వాద్యబృందంలో యువత

మన సంగీత శాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు తెగలుగా విభజించింది. ఊపిరితో పలికించే వేణువు, సన్నాయి, షెహనాయి వంటివి సుషిర వాద్యాలు. పాశ్చాత్య దేశాలలో ఇటువంటి వాద్యాలే ప్రధానంగా, తాళవాద్యాలు తోడుగా ఏర్పడే బృందాలు పాఠశాలల్లోనూ కళాశాలల్లోనూ విశేష ఆదరణ పొందాయి.

ఈ వాద్యాలలో నాదం పుట్టే తీరు ఒక్కటి కాదు. ఫ్లూట్‌లో రంధ్రపు అంచుకు తగిలిన గాలి నాదమవుతుంది. క్లారినెట్‌లో రెల్లుతో చేసిన ఒక పలుచని రేకు, ఓబోలో జంట రేకులు కంపిస్తాయి. ఈ విధంగా చూస్తే ఓబో మన సన్నాయికి దగ్గరి చుట్టమే. ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబాలలో వాదకుని పెదవులే కంపిస్తాయి. సాక్సోఫోన్ ఇత్తడిదే అయినా రేకుతో పలుకుతుంది కనుక దానిని క్లారినెట్ సరసనే చేరుస్తారు. బెల్జియం దేశీయుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు పొందిన ఈ వాద్యం మీద కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రఖ్యాతి గాంచారు.

పెద్ద బ్యాండులలో ఒకే స్వరభాగాన్ని పలువురు కలిసి వాయించడం పరిపాటి. అక్కడ తడబడినవాడు పక్కవాని ధ్వనిచాటున దాగవచ్చు. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయపు ఆచార్యుడు ఫ్రెడరిక్ ఫెన్నెల్ 1952లో విద్యార్థులతో స్థాపించిన బృందం ఈ పద్ధతిని మార్చింది. ఒక్కో భాగానికి ఒక్కరే వాదకుడు అన్నది దాని మూలసూత్రం. దానితో ప్రతి విద్యార్థికీ స్వతంత్రమైన గొంతు లభించింది; దానితోపాటే తప్పించుకోరాని బాధ్యతా వచ్చింది.

కచేరీలో ఆ బాధ్యత తొలి స్వరానికి ముందే ఆరంభమవుతుంది. వాద్యంలోని గాలి వేడెక్కినకొద్దీ అందులో ధ్వనివేగం హెచ్చి శ్రుతి పెరుగుతుంది. 10 డిగ్రీల సెంటీగ్రేడు తేడా వస్తే శ్రుతి అర్ధస్వరంలో ఇంచుమించు మూడవ వంతు మారుతుంది. అందుచేత వాదకులు ముందుగా వాద్యాన్ని ఊపిరితో వెచ్చబరచి, పిమ్మట శ్రుతి కలుపుకొంటారు. వేదిక ఎక్కిన తరువాత కూడా చెవి ఏమరరాదు.

రెండవది శ్వాసనియమం. మన సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవారు బుగ్గలలో నిలిపిన గాలితో ఒంటరిగానే నాదాన్ని తెగనివ్వరు. ఇక్కడ దీర్ఘస్వరాన్ని నిలపవలసి వచ్చినప్పుడు ఆ భారాన్ని పలువురు పంచుకొంటారు. పక్కవారు ఊపిరి తీసే క్షణంలో తాను తీయకూడదు. శ్రోతకు వినిపించేది ఒకే అఖండ నాదం. దాని వెనుక ఉన్నది పరస్పర గమనిక. మూడవది మౌనం. ఎన్నో ఆవృత్తాలు ఊరక లెక్కిస్తూ కూర్చొని, తన వంతు రాగానే తడబాటు లేక ప్రవేశించడమూ వాదనంలో భాగమే.

ఇందుకు ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ 1909లో రచించిన ఈ-ఫ్లాట్ మొదటి సూట్ చక్కని ఉదాహరణ. సంస్కృతం అభ్యసించి ఋగ్వేద సూక్తాలకు బాణీలు కూర్చిన ఈయన, సావిత్రి కథను సంగీత నాటకంగా మలచిన రసజ్ఞుడు. ఈ సూట్ తొలి ఖండంలో ఎనిమిది ఆవృత్తాల చిన్న స్వరపంక్తిని ముందుగా లోతైన గొంతుగల ట్యూబా, యుఫోనియంలు అందుకొంటాయి. తక్కిన వాద్యాలు దానిని ఒకదాని తరువాత ఒకటి స్వీకరిస్తాయి. ఒకరు పంక్తిని మోస్తుండగా మరొకరు దానిపై అల్లిక చేస్తారు. మరుక్షణంలో పాత్రలు తారుమారవుతాయి. మూడు ఖండాలకూ ఆ స్వరపంక్తే ఆధారం కనుక వాటిని విరామం లేకుండా వాయించాలని స్వరకర్త కోరారు.

ఇక్కడ అందరూ ఒకే స్వరం పలకడం వల్ల ఐక్యత సిద్ధించదు. ఓబో ఓబోగానే, ట్యూబా ట్యూబాగానే మిగిలి, ఎవరు ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు వెనుకకు తగ్గాలో ఎరిగినప్పుడే అది సాధ్యం. చిన్న వయస్సులోనే ఈ శిక్షణ పొందిన విద్యార్థి ముందుముందు సంగీతాన్ని వృత్తిగా స్వీకరించకపోవచ్చు. ఇతరులను వింటూ తన మాట చెప్పగల నేర్పు మాత్రం అతనితో నిలిచిపోతుంది.